ఇరవై ఆరు మైలురాళ్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  ఇంతసేపూ వెనక బెంచీల మీద ఓపిగ్గా కూర్చున్న ఇప్పటి ఎనిమిదో తరగతి పిల్లలు ఇక్కడ ఉన్నారు. ఈ పదిహేను నిమిషాలూ నేను మాట్లాడబోయేది వాళ్ల కోసమే.

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "పాత జ్ఞాపకాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నువ్వు నీ పని గురించి చెప్పు" అన్నారు. నా పని పోటీ పరీక్షలకు వెళ్లేవాళ్లకు రీజనింగ్ చెప్పడం. ఇరవై ఏళ్లు దాటింది. అందులోంచి చాలా చిన్న ముక్క ఒకటి ఎంచుకున్నాను. ఇంగ్లిష్ అక్షరాలు నాలుగైదు వరసగా ఇచ్చి, తరవాత వచ్చేది ఏది అని అడుగుతారు చూడండి, ఆ అక్షర శ్రేణుల ప్రశ్నలు. స్వర్ణోత్సవంలో చెప్పుకునేంత పెద్ద విషయమా అని మీకు అనిపించవచ్చు. చివరికి దాని ఖరీదు ఎంతో లెక్క కట్టి చెబుతాను.

నా దగ్గరకు వచ్చేవాళ్లలో సగానికి పైగా మనలాగే ప్రభుత్వ బడిలో, తెలుగు మీడియంలో చదివినవాళ్లు. మొదటి వారం ఒక నమూనా పేపరు ఇచ్చి రాయమంటాను. దిద్దుతున్నప్పుడు ఏటా ఒకే సంగతి కనబడుతుంది. రక్త సంబంధాలు చేస్తారు, దిక్కులు చేస్తారు, సంఖ్యా శ్రేణులు బాగానే చేస్తారు. అక్షర శ్రేణులు దగ్గరకు వచ్చేసరికి ఖాళీ వదిలేస్తారు. ఎందుకు వదిలేశావని ఒక కుర్రాణ్ని అడిగాను. డిగ్రీ చదివాడు, రైల్వే ఉద్యోగానికి సిద్ధమవుతున్నాడు. "నాకు ఇంగ్లిష్ రాదు కదా సార్" అన్నాడు.

ఈ మాట దగ్గరే నా ప్రసంగం అంతా ఉంది. ఆ ప్రశ్నల్లో ఇంగ్లిష్ లేదు. అందులో ఉన్నది లెక్క. ఆ కుర్రాడు 1, 3, 6, 10, 15 తరవాత ఏమిటంటే కళ్లు మూసుకుని 21 అని చెప్పగలడు. అదే ప్రశ్నను ఎ, సి, ఎఫ్, జె, ఓ అని రాసి ఇస్తే పేజీ తిప్పేశాడు. ఎ అంటే 1, సి అంటే 3, ఎఫ్ అంటే 6, జె 10, ఓ 15. తరవాతది 21, అంటే యు. రెండూ ఒకే ప్రశ్న. ఒకటి వేసుకున్న చొక్కా తెలుగు మీడియం చొక్కా, రెండోది ఇంగ్లిష్ మీడియం చొక్కా. అంతే తేడా.

మరి ఎ నుంచి జడ్ దాకా ఒకటో తరగతిలోనే వచ్చేసింది కదా, ఇంకేం నేర్చుకోవాలి? అదీ చెబుతాను. ఎవరినైనా "ఎన్ ఎన్నో అక్షరం?" అని అడిగి చూడండి. వేళ్లు ముడుస్తూ ఎ, బి, సి, డి అని మొదటి నుంచి మొదలుపెడతారు. మనకు వచ్చింది పాట. పాటను మొదటి నుంచి పాడగలం గానీ మధ్యలోంచి అందుకోలేం. ఏడో ఎక్కం సంగతి గుర్తుందా? ఏడెనిమిదులు ఎంత అంటే కొందరం ఏడొకట్ల ఏడు దగ్గర మొదలుపెట్టి మెట్లెక్కి వచ్చేవాళ్లం. మన లెక్కల మాస్టారు అందుకే ఎక్కాన్ని మధ్యలోంచి అడిగేవారు, వెనక నుంచి అప్పజెప్పమనేవారు. అప్పుడు అది శిక్షలాగా ఉండేది. ఎక్కం పాటగా మిగిలిపోకూడదు, లెక్కగా మారాలి అన్నది ఆయన ఉద్దేశం. అక్షరాలకూ అదే చెయ్యాలి.

పరీక్షలో సమయం ఎంతో చూడండి. రైల్వే ఎన్టీపీసీ మొదటి దశ పరీక్షలో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు. ఒక్కోదానికి 54 సెకన్లు. తప్పు రాస్తే మూడో వంతు మార్కు కోత. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ మొదటి దశలో గంటకు 100 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 36 సెకన్లు. ప్రతి అక్షరానికీ ఎ దగ్గర నుంచి పాడుకుంటూ వస్తే ఆ 36 సెకన్లు పాటకే సరిపోతాయి.

అందుకని నేను మొదటి రోజు చెప్పేది ఇది. ఇరవై ఆరు అక్షరాలను రోడ్డు పక్కన ఇరవై ఆరు మైలురాళ్లు అనుకోండి. అన్నింటి మీదా అంకెలు గుర్తుండక్కర్లేదు. అయిదేసి మైళ్లకు ఒకటి గుర్తుంటే చాలు. ఇ 5, జె 10, ఓ 15, టి 20, వై 25. ఈ అయిదింటినీ కలిపి "ఇజోటీ" అని ఒక మాటలా పలకమంటాను. అర్థం లేని మాటే. కానీ రెండు రోజుల్లో నోటికి పట్టేస్తుంది. ఇక ఆర్ ఎన్నోది? టికి రెండు ముందు, 18. ఎల్ ఎన్నోది? జెకి రెండు తరవాత, 12. ఇ తరవాత ఏ అక్షరమైనా ఏదో ఒక రాయికి రెండడుగుల లోపే ఉంటుంది.

రెండో పాఠం జంటలు. ముందు నుంచి ఎన్నోదో, వెనక నుంచి కూడా అన్నోదే అయిన అక్షరం దాని జంట. ఎకి జడ్, బికి వై. ఏ జంటనైనా కలిపితే 27 వస్తుంది. వీటిని బట్టీ పట్టనక్కర్లేదు, మన చుట్టూ ఉన్న మాటల్లోనే దొరుకుతాయి. బి, వై అంటే బాయ్ అనే మాటకు మొదటి, చివరి అక్షరాలు. జి, టి అంటే విజయవాడ, వరంగల్ మీదుగా ఢిల్లీ వెళ్లే జి.టి. ఎక్స్‌ప్రెస్. ఐ, ఆర్ అంటే ఇండియన్ రైల్వేస్. ఇ, వి అంటే ఇప్పుడు రోడ్ల మీద తిరుగుతున్న కరెంటు బళ్లు. ఇక హెచ్, ఎస్ అంటే మనం కూర్చున్న చోటు, హైస్కూల్. హెచ్ 8, ఎస్ 19, కలిపితే 27. "చివరి నుంచి ఎనిమిదో అక్షరం ఏది?" అని అడిగితే జడ్ నుంచి వెనక్కి లెక్కపెట్టకూడదు. 27లోంచి 8 తీసేస్తే 19, అంటే ఎస్. రెండు సెకన్ల పని.

ఈ రెండూ వచ్చాక ప్రశ్నల్లోకి వెళ్లవచ్చు. రకాలు ఎన్ని ఉన్నా మొదటి పని ఒకటే: అక్షరాల కింద అంకెలు వేసుకోవడం, ఆ అంకెల మధ్య తేడాలు రాసుకోవడం. తేడా అన్ని చోట్లా ఒకటేనా, పెరుగుతోందా, తగ్గుతోందా చూడాలి. ఇందాకటి ఎ, సి, ఎఫ్, జె, ఓలో తేడాలు 2, 3, 4, 5. అందుకే తరవాత 6 కలిపాం. తేడాల్లో ఏమీ తేలకపోతే అంకెలనే చూడాలి. ఎ, డి, ఐ, పి అంటే 1, 4, 9, 16. వర్గాలు. తరవాత 25, వై. బి, సి, ఇ, జి, కె అంటే 2, 3, 5, 7, 11. ప్రధాన సంఖ్యలు. తరవాత 13, ఎం. ఇవన్నీ ఏడో తరగతి లెక్కలే.

తేడా ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు గంతులేస్తుంటే అక్కడ రెండు శ్రేణులు కలిసి నడుస్తున్నాయని అనుమానించాలి. బి, వై, డి, డబ్ల్యూ, ఎఫ్ తరవాత ఏమిటి? ఒకటి విడిచి ఒకటి చదవండి. బి, డి, ఎఫ్ ముందుకు నడుస్తున్నాయి. వై, డబ్ల్యూ వెనక్కు నడుస్తున్నాయి. తరవాతది యు. జంటలు తెలిసినవాడికి ఇంకా తేలిక. బికి వై, డికి డబ్ల్యూ, కాబట్టి ఎఫ్‌కి యు.

జడ్ దాటిపోతే పిల్లలు ఆగిపోతారు. ఎస్, వి, వై, బి తరవాత ఏమిటి? 19, 22, 25 దాకా బాగుంది, మూడేసి పెరుగుతున్నాయి. తరవాత 28 రావాలి, అన్ని అక్షరాలు లేవు. అప్పుడు గోడ గడియారం చూపిస్తాను. పదకొండు గంటలకు మూడు గంటలు కలిపితే పద్నాలుగు అనం, రెండు అంటాం. పన్నెండు తీసేశాం. ఇక్కడ 26 తీసెయ్యాలి. 28లోంచి 26 పోతే 2, అది బి. ఆ తరవాత 5, ఇ.

మూడేసి అక్షరాల గుంపులు ఇస్తే అడ్డంగా ఎంత అవసరమో నిలువుగా చదవడం అంత అవసరం. బి-డి-ఎఫ్, సి-ఎఫ్-ఐ, డి-హెచ్-ఎల్. తరవాతి గుంపు ఏది? మొదటి అక్షరాలు నిలువుగా చూస్తే బి, సి, డి, కాబట్టి ఇ. రెండోవి డి, ఎఫ్, హెచ్, కాబట్టి జె. మూడోవి ఎఫ్, ఐ, ఎల్, కాబట్టి ఓ. జవాబు ఇ-జె-ఓ. ఇప్పుడు అంకెలు వేసి అడ్డంగా చదవండి. 2, 4, 6. 3, 6, 9. 4, 8, 12. ఇవి రెండో ఎక్కం, మూడో ఎక్కం, నాలుగో ఎక్కం. మనకు కావలసింది అయిదో ఎక్కం: 5, 10, 15. మా క్లాసులో ఈ ప్రశ్న దగ్గర ఏటా ఎవరో ఒకరు "ఇదేంటి సార్, ఎక్కాలా!" అని నవ్వేస్తారు. ఆ నవ్వు కోసమే నేను ఆ ప్రశ్న ఇస్తాను. ఆ రోజు నుంచి ఇంగ్లిష్ భయం ఉండదు.

మధ్యలో ఖాళీలు వదిలే రకం ఇంకొకటి. ఎ, ఖాళీ, బి, బి, సి, ఖాళీ, ఎ, ఎ, బి, ఖాళీ, సి, సి. ముందు ఖాళీలతో సహా మొత్తం ఎన్నో లెక్కపెట్టాలి. పన్నెండు. అంటే ఆరేసి చొప్పున రెండు ముక్కలు కావచ్చు, నాలుగేసి చొప్పున మూడు, మూడేసి చొప్పున నాలుగు కావచ్చు. ఆరేసి చొప్పున విడగొట్టి, రెండు ముక్కలనూ ఒకదాని కింద ఒకటి రాస్తే పైన లేనిది కింద, కింద లేనిది పైన కనబడుతుంది. ఎఎ, బిబి, సిసి. ఖాళీల్లో రావలసినవి ఎ, సి, బి. మన రాష్ట్రాల్లో ఏసీబీ అంటే ఎవరికీ మరుపు రాదు కాబట్టి ఈ జవాబు కూడా ఎవరూ మరిచిపోరు.

ఇక్కడ తెలుగు మాస్టారు ఉన్నారు, ఆయన కోసం ఒక మాట. గ, జ, డ, ద తరవాత ఏమిటి? మీలో సగం మంది బ అనేశారు. ఎవరూ క నుంచి పాడలేదు. ఎందుకంటే మన హల్లులు గోడ మీద పటంలో అయిదేసి అక్షరాల వరసలుగా కళ్ల ముందు ఉంటాయి. ఆ వరసకు కారణం కూడా ఉంది. గొంతు దగ్గర మొదలై అంగిలి, పళ్ల మీదుగా పెదవుల దాకా వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల వరసకు అలాంటి ఏర్పాటు లేదు. ఫినీషియన్ల దగ్గర నుంచి గ్రీకులకు, వాళ్ల నుంచి రోమన్లకు, చేతులు మారుతూ వచ్చిన వరస అది. పట్టుకోవడానికి పిడి లేదు. అందుకే మనం అంకె అనే పిడి వేసుకుంటున్నాం.

అక్షరానికి అంకె వెయ్యడం మనకు కొత్తేమీ కాదు. కటపయాది అని ఒక పద్ధతి ఉంది. క నుంచి ఒకటి, రెండు అని లెక్కపెడతారు. మళ్లీ ట దగ్గర ఒకటితో మొదలు, ప దగ్గర మళ్లీ ఒకటి, య దగ్గర మళ్లీ ఒకటి. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్త రాగాల పేర్లను ఈ లెక్కకు సరిపడేలా పెట్టారు. సంగీతం నేర్చుకునే పిల్లలు మొట్టమొదట పాడే మాయామాళవగౌళనే తీసుకోండి. మ అంటే 5, య అంటే 1. వెనక నుంచి చదివితే 15. అది పదిహేనో మేళకర్త. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2. వెనక నుంచి 29. రాగం పేరులోనే దాని నంబరు దాచిపెట్టిన వాళ్ల దేశంలో పుట్టిన పిల్లవాడు, ఎఫ్ అంటే 6 అని గుర్తు పెట్టుకోలేడా?

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఇలాంటి ప్రశ్నలు మీరే తయారుచేసి ఇచ్చేటప్పుడు మూడు అక్షరాలతో ఆపకండి. ఎ, బి, డి తరవాత ఏమిటంటే ఒక పిల్ల జి అంటుంది. తేడాలు 1, 2, 3 అని చూసింది. ఇంకొకడు హెచ్ అంటాడు. 1, 2, 4, 8 అని రెట్టింపు చేశాడు. ఇద్దరూ సరైనవాళ్లే. నాలుగో అక్షరం కూడా ఇస్తే తేలిపోతుంది. ఎవరికైనా మీ జవాబు కాక వేరే జవాబు వస్తే, కొట్టేసే ముందు "ఎలా వచ్చింది?" అని అడగండి. తను చూసిన సూత్రం చెప్పగలిగితే ఆ బిడ్డకు రీజనింగ్ వచ్చినట్టే. ఇంకొకటి. ఓ, టి, టి, ఎఫ్, ఎఫ్ తరవాత ఏమిటి అనే రకం పొడుపుకథలు ఉంటాయి. వన్, టూ, త్రీ అనే మాటల మొదటి అక్షరాలు అవి. జవాబు ఎస్. వాటికి నిజంగానే ఇంగ్లిష్ మాటలు తెలియాలి. సరదాకు బాగుంటాయి గానీ, మొదటి వారంలోనే అవి ఇస్తే పిల్లల భయం నిజమేననిపిస్తుంది. చివర్లో ఇవ్వండి.

ఇప్పుడు ఖరీదు సంగతి. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ అని కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది. ఎన్.ఎం.ఎం.ఎస్. అంటాం. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలు రాయవచ్చు. ఇంటి వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైన వాళ్లకు తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏటా 12,000 రూపాయలు. నాలుగేళ్లకు 48,000. దేశం మొత్తం మీద ఏటా లక్ష మందికి ఇస్తారు. పరీక్షలో రెండు భాగాలు. అందులో ఒకటి మానసిక సామర్థ్య పరీక్ష: 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. ప్రశ్నపత్రం తెలుగులో ఉంటుంది, అక్షర శ్రేణుల్లో అక్షరాలు మాత్రం ఇంగ్లిష్‌వి.

ఆ తొంభైలో అక్షర శ్రేణులు కొన్నే. వాటితోనే స్కాలర్‌షిప్ రాదు, ఆ భ్రమ పెట్టను. కానీ అక్షరం అంకెగా మారడం ఒక్కసారి అలవాటైతే దాని వెనక కోడింగ్, పోలికలు, భిన్నమైనదాన్ని కనుక్కోవడం అన్నీ వస్తాయి. అన్నింటికీ తాళంచెవి ఒకటే. రైల్వే కుర్రాడు డిగ్రీ అయ్యాక నా దగ్గరకు వచ్చి రెండు వారాల్లో నేర్చుకున్నది ఎనిమిదో తరగతిలోనే నేర్చుకోవచ్చు. దానికి ఫీజు కట్టక్కర్లేదు, కోచింగ్ సెంటరూ అక్కర్లేదు. సుద్దముక్క చాలు. ఇంటికి ఆడపిల్ల చదువు ఎందుకులే అనుకునే చోట ఏటా పన్నెండు వేల రూపాయలు ఆ పిల్ల పేరు మీద బ్యాంకులో పడుతుంటే, పదో తరగతి తరవాత చదువు మాన్పించడానికి ఇంట్లోవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. అక్షర శ్రేణి ఖరీదు అని నేను అన్నది దాన్ని.

మన సంఘం ఈ స్వర్ణోత్సవానికి ఆర్చీ కట్టించాలా, ఆడిటోరియం కట్టించాలా అని చర్చ జరుగుతోందని విన్నాను. ఏదైనా కట్టించండి, నా వంతు నేనూ ఇస్తాను. దాంతో పాటు మూడు పనులు అడుగుతున్నాను. ఒకటి, ఎనిమిదో తరగతి గది గోడ మీద ఇరవై ఆరు అక్షరాలూ, ఒక్కోదాని కింద ముందు నుంచి వచ్చే అంకె, వెనక నుంచి వచ్చే అంకె పెయింటుతో రాయిద్దాం. రెండు, ఈ ఊళ్లోనే ఉన్న పూర్వ విద్యార్థుల్లో నలుగురు ముందుకు వస్తే జులై నుంచి పరీక్ష దాకా శనివారం సాయంత్రం గంటసేపు తరగతి పెడదాం. ఆ నలుగురికీ ముందు నేను చెబుతాను. నెలకు ఒక శనివారం నేనే వస్తాను. మూడు, మనలో రెవెన్యూలో, మీసేవలో, బ్యాంకుల్లో పనిచేసేవాళ్లు ఉన్నారు. ఆదాయ ధ్రువపత్రం సకాలంలో ఇప్పించడం, ఆధార్‌లో, బడి రికార్డులో పేరు ఒకేలా ఉందో లేదో చూడటం, ఎంపికైన పిల్లలకు ఏటా రెన్యువల్ చేయించడం వాళ్లు చూసుకోవాలి. పరీక్ష నెగ్గి కూడా కాగితం దగ్గర డబ్బు పోగొట్టుకుంటే ఆ బాధ ఇంకా ఎక్కువ.

ఈ మూడింటికీ కలిపి పెద్ద ఖర్చేమీ లేదు. పేర్లు ఇవ్వదలచుకున్నవాళ్లు భోజనాల దగ్గర కార్యదర్శి గారికి ఇవ్వండి. మొదటి పేరు నాది రాసుకోమని ఇప్పుడే చెబుతున్నాను.

వెనక బెంచీల పిల్లలూ, మీకు ఒక ప్రశ్న ఇచ్చి దిగుతాను. హెచ్, ఎస్, ఐ, ఆర్, జె. తరవాత ఏమిటి? అంకెలు వేసుకోండి. జవాబుతో పాటు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. నేను మామిడిచెట్టు కింద వడ్డన దగ్గర ఉంటాను, అక్కడికి రండి.